మీకు తెలుసా? ప్రాణహిత ఒడ్డున హాల్డేన్

సిరోంచ దగ్గర, ప్రాణహిత ఒడ్డున కోట అనే చిన్న ఊరుంది. గడ్చిరోలి జిల్లా పటంలో దాన్ని వెతికి పట్టుకోవాలంటే ఓపిక ఉండాలి. కానీ డైనోసార్ల మీద పనిచేసేవాళ్ళకి, వాళ్ళు ఏ దేశంలో ఉన్నా, ఈ ఊరి పేరు కొత్త కాదు. నదికి ఇటు మహారాష్ట్రలోనూ అటు తెలంగాణలోనూ పరుచుకున్న జురాసిక్ కాలపు రాతిపొరలకు శాస్త్రం పెట్టిన పేరు ‘కోట ఫార్మేషన్’. 1850ల నాటికే ఇక్కడి సున్నపురాయి పలకల్లో చేపల శిలాజాలు దొరికి లండన్ పత్రికలకెక్కాయి. 1981లో ఇవే కోట పొరల్లోంచి వచ్చిన ఒక పన్నును పి.ఎం. దత్తా అనే శాస్త్రవేత్త లోకానికి పరిచయం చేశారు. మన దేశంలో దొరికిన మొదటి జురాసిక్ క్షీరదం అదే. దానికి ఆయన పెట్టిన పేరు కోటాథీరియం హాల్డేనై.

పేరులో మొదటి సగం ఊరిది. రెండో సగం జె.బి.ఎస్. హాల్డేన్‌ది. డార్విన్ చెప్పిన సహజ వరణానికి గణితంతో పునాది కట్టిన ముగ్గురిలో ఆయన ఒకరు. మిగతా ఇద్దరు రొనాల్డ్ ఫిషర్, సూవల్ రైట్. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టి, భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన పరిశోధనల చిట్టా ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎక్కడో ఇంగ్లండులో కూర్చుని కాగితం మీద ఆయన వేసిన లెక్కల్లో చాలావాటికి ఉదాహరణలు ఈ సరిహద్దులోనే, ఈ మనుషుల నెత్తురులోనే ఉన్నాయి. ఈసారి ఆ ముచ్చట్లే.

*

ముందు ఆ పన్ను సంగతి. అది మిల్లీమీటర్లలో కొలవాల్సినంత ఉంటుంది. ఇలాంటివి నేలమీద నడుస్తూ వెతికితే దొరకవు. బంకరాయిని బస్తాలకొద్దీ తవ్వి తెచ్చి, నానబెట్టి, సన్నని జల్లెళ్ళలో కడిగి, మిగిలిన రవ్వను సూక్ష్మదర్శిని కింద గింజ గింజగా ఏరాలి. నెలల చాకిరీకి ఒక పన్ను దక్కితే పండగే.

పరిణామ సిద్ధాంతం తప్పని తేలాలంటే ఏం చూపించాలని ఎవరో అడిగితే, కేంబ్రియన్‌కు ముందు యుగపు రాళ్ళలో కుందేలు శిలాజం చూపించమని హాల్డేన్ బదులిచ్చారని చెప్పుకుంటారు. అంత పాత రాళ్ళలో కుందేలు ఉండటానికి వీల్లేదు, ఉంటే సిద్ధాంతమే కూలుతుంది. కోట పొరల్లో క్షీరదం మాత్రం ఉండాల్సిన చోటే ఉంది, ఉండాల్సినంత చిన్నగానే ఉంది. డైనోసార్ల కాళ్ళ సందున తిరిగిన ఆ అల్పజీవికి ఆ మాట అన్నాయన పేరే పెట్టడం దత్తాగారి చమత్కారమో ఏమో, నాకైతే చాలా నచ్చింది.

ఆ పొరలు అక్కడితో ఆగలేదు. జియలాజికల్ సర్వేలో పనిచేసిన పి. యాదగిరి 1984లో ఇంకో బుల్లి క్షీరదాన్ని వర్ణించి, ఇండోథీరియం ప్రాణహితై అని నది పేరు పెట్టారు. మరుసటేడు త్రిశూలోథీరియం వచ్చింది. తర్వాతి తరం వాళ్ళు ఆయన రుణం తీర్చుకున్నారు: అవతలి గట్టున పైకాసిగూడెం దగ్గర దొరికిన ఒక క్షీరదానికి పైకాసిగూడోడాన్ యాదగిరై అని పేరు పెట్టారు. ఊరి పేరు, మనిషి పేరు రెండూ తెలుగువే. లాటిన్ తోక తగిలించుకుని ప్రపంచమంతా తిరుగుతున్నాయి.

*

పోచంపల్లి అంటే చీరలే గుర్తొస్తాయా? ఈ గోదావరి లోయలో ఇంకో పోచంపల్లి ఉంది. అక్కడ 1960 ప్రాంతంలో ఒక్కచోటే దాదాపు 300 ఎముకలు బయటపడ్డాయి. కనీసం ఆరు జంతువులవి. వాటిని కలకత్తా చేర్చి, కూర్చి, నిలబెట్టిన అస్థిపంజరమే బారాపాసారస్ టాగోరై. ‘బారా పా’ అంటే బెంగాలీలో పెద్దకాలు. తొడ ఎముకే మనిషెత్తుకు దగ్గరగా ఉంటే ఇంకేం పేరు పెడతారు? తవ్వకాలు మొదలైన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కాబట్టి రెండో పేరు ఆయనది. శాస్త్రానికి ఈ పేరు ఎక్కింది మాత్రం 1975లో.

ఈ తవ్వకాలు జరిపింది ఏ పురావస్తు శాఖో అనుకుంటారు. కాదు, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్! లెక్కలవాళ్ళకు డైనోసార్లతో ఏం పని అంటే, దాన్ని స్థాపించిన మహలనోబిస్‌కు ప్రతి శాస్త్రంతోనూ పనే. 1957లో లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పామెలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్తను పిలిపించి భూగర్భ విభాగం పెట్టించారు. సరిగ్గా అదే ఏడాది, అదే కాలేజీలో ఆచార్య పదవి వదులుకుని హాల్డేన్ కూడా అదే సంస్థకు వచ్చి చేరారు. ఒకరు లోయలోకి దిగి ఎముకలు ఏరే బృందాన్ని తయారుచేశారు. మరొకరు ధోవతి, కుర్తా కట్టి, మాంసం మానేసి, కుర్రాళ్ళకు జన్యుశాస్త్రం చెప్పారు.

యాదగిరి వర్ణించిన కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అనే మరో దీర్ఘకాయం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. నౌబత్ పహాడ్ ఎక్కినప్పుడు పిల్లలకు చెప్పండి, అది కూడా కోట పొరల బిడ్డేనని.

*

హాల్డేన్‌కు తొలి భారతీయ శిష్యుల్లో ఒకరు పిఠాపురం కుర్రాడని తెలుసా? ద్రోణంరాజు కృష్ణారావు 1937లో అక్కడ పుట్టారు. ఇరవయ్యేళ్ళ వయసులో హాల్డేన్ దగ్గర చేరితే, గురువుగారు ఇచ్చిన పరికరం దాదాపు సున్న: కళ్ళు, నోటు పుస్తకం, పెన్సిలు. పేద దేశంలో శాస్త్రం చేయడానికి ఖరీదైన యంత్రాలు లేవని ఏడవక్కర్లేదని, లెక్కపెట్టడం వస్తే చాలని హాల్డేన్ వాదన. కృష్ణారావు లాంటానా పొదల ముందు నిలబడి, ఏ రకం సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతోందో లెక్కపెట్టారు. కొన్ని జాతులు గులాబీ రంగు పూలనే, కొన్ని నారింజ రంగువాటినే ఎంచుకుంటున్నట్టు తేలింది. ఒకే మొక్క రెండు రంగుల గుంపులుగా విడిపోయి, పుప్పొడి కలవకుండా పోతే, కొత్త జాతి పుట్టుకకు అది తొలిమెట్టు కావచ్చు. 1960లో ఆ పని నేచర్ పత్రికలో అచ్చయింది. గడ్చిరోలి అడవి అంచున లాంటానా పీకలేక తిట్టుకునే ఫారెస్టు గార్డులకు ఈ కబురు ఎవరైనా చేరవేయాలి.

తర్వాత ఆయన చెవుల మీద పడ్డారు. ఆంధ్రలో కొందరు మగవాళ్ళకి చెవి డొప్ప అంచున గుబురుగా వెంట్రుకలు మొలుస్తాయి. తండ్రికి ఉంటే కొడుకులకూ వస్తున్నట్టు, ఆడవాళ్ళకు రానట్టు కుటుంబ వృక్షాలు గీసి చూపించి, ఇది వై క్రోమోజోము మీద ఉన్న లక్షణమని 1960లో ప్రకటించారు. దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో వై క్రోమోజోముకు ఉదాహరణ అంటే చెవి వెంట్రుకలే. నేను చదివిన పుస్తకంలోనూ అదే.

2004లో అణుజీవశాస్త్రం దాన్ని కొట్టేసింది. దక్షిణ భారతదేశంలోనే, చెవి వెంట్రుకలున్న మగవాళ్ళ వై క్రోమోజోములనూ లేనివాళ్ళవీ పక్కపక్కన పెట్టి డీఎన్ఏ గుర్తులు పోల్చారు. లక్షణం నిజంగా వై మీదే ఉంటే ఉన్నవాళ్ళ వంశాలు కొన్ని కొమ్మల్లోనే గుంపుకట్టి కనిపించాలి. అలాంటిదేమీ లేదు, రెండు గుంపుల్లోనూ అవే రకాలు కలగాపులగంగా ఉన్నాయి. ఎన్ని కుటుంబ వృక్షాలు గీసినా తేలని విషయం ఒక్క ప్రయోగంతో తేలింది.

కృష్ణారావుగారు అమెరికా వెళ్ళి, వైద్య జన్యుశాస్త్రానికి ఆద్యుడైన విక్టర్ మెక్‌క్యూసిక్ దగ్గర పనిచేసి, గురువు జీవితచరిత్ర రాసి, 2020లో కన్నుమూశారు.

ఇంకో గోదావరి జిల్లా ముచ్చట: హాల్డేన్ చనిపోయాక ఆయన దేహాన్ని, వీలునామాలో కోరినట్టే, కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు, విద్యార్థులు కోసి నేర్చుకోవడానికి.

*

ఆయన పేరుతో ఒక నియమం ఉంది. 1922లో చెప్పింది, ఇప్పటికీ పెద్దగా చెక్కుచెదరలేదు. రెండు జాతులు కలిసి సంకర సంతానం పుడితే, అందులో ఒక లింగం మాత్రమే గొడ్డుపోవడమో పుట్టకపోవడమో జరిగితే, అది రెండు వేర్వేరు లింగ క్రోమోజోములున్న లింగమే అవుతుంది. క్షీరదాల్లో అది మగది, ఎక్స్, వై. పక్షుల్లో, సీతాకోకచిలుకల్లో ఆడది. జడల బర్రెనూ ఆవునూ దాటిస్తే పుట్టే పెయ్యలు ఈనుతాయి, కోడెలు మాత్రం పనికిరావు.

సిరోంచ అటవీ డివిజన్‌లో కొలామార్కా అనే అభయారణ్యం అడవి ఎనుముల కోసమే కేటాయించింది. మధ్య భారతంలో ఇవి మిగిలింది అతి కొద్ది చోట్ల. వేట, గడ్డి మైదానాల కొరత, పశువుల రోగాలు చాలవన్నట్టు ఇంకో గండముంది: ఊరి గేదెలతో కలిసిపోవడం. ఇక్కడ హాల్డేన్ నియమం అడ్డుపడదు, ఎందుకంటే రెండూ దగ్గరి చుట్టాలు, పుట్టే సంకరాల్లో ఆడా మగా రెంటికీ సంతానం కలుగుతుంది. బయటికి చూస్తే మంద పెరుగుతున్నట్టే ఉంటుంది, లోపల అడవి రక్తం పలచబడుతుంది. అది కళ్ళతో చూసి చెప్పలేరు, డీఎన్ఏ పరీక్ష చేయాలి.

పాముల్లోనూ లింగ క్రోమోజోములు వేర్వేరుగా ఉండేది ఆడదానికే. ఆ వింతను పట్టుకుని బెనారస్‌లో పరిశోధన మొదలుపెట్టినవారు లాల్జీ సింగ్. ఎడింబరోలో ఉండగా పసుపు, నలుపు పట్టీల కట్లపాము డీఎన్ఏ నుంచి ఒక ముక్కను వేరుచేస్తే, అందులో నాలుగక్షరాల వరస ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తూ కనిపించింది. ఆ ముక్క మనిషి డీఎన్ఏకూ అతుక్కుంది, ఒక్కో మనిషికీ ఒక్కో గీతల వరసను చూపింది. 1987లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు వచ్చాక, మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పరీక్షకు అదే ఆధారమైంది. రాజీవ్ గాంధీ హత్య కేసు నుంచి ఎందరో పిల్లల తండ్రి ఎవరన్న తగాదాల దాకా తేల్చిన పరీక్షకు మూలం ఒక పాము.

*

బాబాయి కూతురు చెల్లెలు, మేనత్త కూతురు మరదలు. తెలుగువాడికి ఇందులో సందేహం లేదు. గోండులకూ లేదు. మధ్య భారతంలో కొన్నిచోట్ల మేనరికాన్ని వాళ్ళు పాలు తిరిగివ్వడం అంటారు, ఒక తరంలో ఇచ్చిన పిల్లకు బదులు ఇంకో తరంలో పిల్ల తిరిగిరావడం. జన్యువుల లెక్కలో మాత్రం బాబాయి కూతురూ మేనత్త కూతురూ ఒకటే: పుట్టే బిడ్డలో ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1. మేనమామనే చేసుకుంటే అది 8లో 1. మేనమామ, మేనకోడళ్ళ పెళ్ళికి 1955 నాటి హిందూ వివాహ చట్టం, ఆచారముంటే సరేనని తలుపు తెరిచే ఉంచింది.

1939లోనే దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళ గణితం మీద పత్రం రాసిన హాల్డేన్‌కు మన మేనరికాలు దొరకడం చెరుకు గడ దొరికినట్టే అయింది. ఇంగ్లండులో మేనమామతో పెళ్ళి చెల్లదు. ఇక్కడ ఊళ్ళకు ఊళ్ళు తరతరాలుగా చేసుకుంటున్నాయి. కృష్ణారావు, మీరా ఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల జోరునూ, వాటి ఫలితాలనూ లెక్కగట్టి 1963లో ప్రచురించారు. తరాల తరబడి ఇలాగే జరిగితే ప్రాణాంతక జన్యువులు రెండు ప్రతులుగా బయటపడి, మోసేవాళ్ళతోపాటు పోతూ, కొంత ‘ప్రక్షాళన’ జరుగుతుందా అన్నది అప్పటి ప్రశ్న. దాని మీద వాదన ఇప్పటికీ ఉంది.

ఒక చిక్కు లెక్క మీకోసం. మేనమామ కూతురికీ మేనత్త కూతురికీ తేడా ఉందా? మామూలు క్రోమోజోముల్లో లేదు, రెంటికీ 16లో 1. ఎక్స్ క్రోమోజోములో ఉంది! మగవాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. మేనత్త తండ్రి వైపు చుట్టం, ఆమె నుంచి వచ్చినదేదీ పెళ్ళికొడుకు ఎక్స్‌లో ఉండదు. కాబట్టి మేనత్త కూతుర్ని చేసుకుంటే పుట్టే ఆడపిల్లకు ఎక్స్ విషయంలో దగ్గరి రక్తపు చిక్కు సున్న. మేనమామ కూతురైతే 8లో 1. పిన్ని కూతురైతే 16లో 3, అన్నిటికన్నా ఎక్కువ, కానీ ఆ సంబంధం మనవాళ్ళు ఎటూ చేయరు. అత్త కూతురా, మామ కూతురా అని ఇంట్లో తగువైతే ఈ లెక్క పనికొస్తుంది. రక్తసంబంధం పదిమెట్లు పైనుంచే అల్లుకుని ఉన్నచోట అసలు అంకెలు ఇంకా పెరుగుతాయి, అది వేరే సంగతి.

దగ్గరి పెళ్ళిళ్ళు చేసుకోకపోయినా, కులం గడప దాటకపోతే చాలు, అదే పని నిదానంగా జరుగుతుంది. సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు ఫిన్లాండ్ వాళ్ళకన్నా, అష్కెనాజీ యూదులకన్నా గట్టిగా కొద్దిమంది మూలపురుషుల నుంచే వచ్చినట్టు తేలింది. తెలుగు వైశ్యులు రెండు మూడు వేల ఏళ్ళుగా బయటి రక్తం దాదాపు కలవకుండా ఉన్నారని అంతకుముందే రాశారు. దాని వల్ల ఒక చిన్న లోపం వాళ్ళలో మిగతావారికన్నా సుమారు 100 రెట్లు ఎక్కువ: బ్యూటిరిల్‌కోలినెస్టెరేజ్ అనే ఎంజైము తక్కువ ఉండటం. మామూలు బతుకులో దానితో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్ ముందు కండరాలు వదులయ్యేందుకు ఇచ్చే సక్సినైల్‌కోలీన్ మాత్రం నిమిషాల్లో దిగాల్సింది గంటలు పట్టుకుంటుంది, అంతసేపూ సొంతంగా ఊపిరి రాదు. కాబట్టి మత్తు డాక్టరుకు ముందే చెప్పుకోవడం మంచిది. ఒక్క వాక్యం చాలు.

*

సిరోంచ తాలూకాలో బజారుకు వెళితే తెలుగు, అడవిలోకి వెళితే గోండీ, మాడియా, కోయ, ఆఫీసుకు వెళితే మరాఠీ. 1860లో నిజాం చేతినుంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చి, మధ్య పరగణాల్లో పడి, చివరికి మహారాష్ట్రలో తేలిన ప్రాంతం. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వర్గీకరణ ప్రకారం తెలుగూ గోండీ ద్రావిడ కుటుంబంలో ఒకే కొమ్మకు చెందినవి. అంటే తమిళం, కన్నడాలకన్నా గోండీయే మనకు దగ్గర. మరి భాష దగ్గరైతే రక్తం కూడా దగ్గరే కావాలి కదా?

కాదట. జ్ఞానేశ్వర్ చౌబే, లాల్జీ సింగ్, తంగరాజ్ తదితరులు వేర్వేరు చోట్ల ఉండే నాలుగు గోండు సమూహాల డీఎన్ఏను చదివి 2017లో ప్రకటించిన దాని ప్రకారం, గోండుల వారసత్వం ఇతర ద్రావిడ భాషల వాళ్ళతోకన్నా ముండా భాషలు మాట్లాడే వాళ్ళతోనే ఎక్కువ పంచుకుంటుంది. కోటీ ఇరవై లక్షల మందికి పైబడిన జాతి, మన దేశంలోని అతిపెద్ద గిరిజన సమూహాల్లో ఒకటి, మాట్లాడేది ఒక వంశపు భాష, మోసేది చాలావరకు ఇంకో వంశపు నెత్తురు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో భాష మార్చుకున్నారని ఒక వివరణ, పక్కపక్కన బతుకుతూ పిల్లనిచ్చి పుచ్చుకున్నారని ఇంకొకటి. నాకు రెండోదే సహజంగా తోస్తుంది. సిరోంచ సంతలో ఒక పూట నిలబడితే మీకూ అలాగే తోస్తుంది.

అంతకుముందు 2003లో కోయలనూ నల్లమల చెంచులనూ పరీక్షించినవాళ్ళు ఇంకో మాట చెప్పారు: గిరిజనులకూ కులాలవాళ్ళకూ అడుగున ఉన్న పాత వారసత్వం ఒకటే, మంచుయుగం నాటిది.

*

ఇక మలేరియా. మహారాష్ట్రలో ఆ జ్వరం ఎక్కువగా నమోదయ్యే జిల్లా గడ్చిరోలి. అదే జిల్లాలో సికిల్ సెల్ అనే రక్తజబ్బు కూడా ఉంది. ఇలాంటిది కాకతాళీయం కాదని ముందుగా అనుమానించినవాళ్ళలో హాల్డేన్ ఒకరు. మధ్యధరా తీరంలో తలసేమియా అనే మరో రక్తజబ్బు అంత ఎక్కువెందుకని 1948లో స్టాక్‌హోమ్ సభలో చర్చ వస్తే, ఒక్క ప్రతి మోసేవాళ్ళకు మలేరియా నుంచి రక్షణ ఉండి ఉంటుందని అన్నారు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో ఆ మాటను నిజం చేసి చూపించారు. మన దేశంలో ఈ జన్యువును మొదట గుర్తించింది 1952లో, నీలగిరి కొండల గిరిజనుల్లో.

జబ్బు మూలం ఒక్క అక్షరం. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలీన్ చేరుతుంది. ఆక్సిజన్ తగ్గగానే ఆ హీమోగ్లోబిన్ కడ్డీలుగా పేరుకుని కణాన్ని కొడవలిలా వంచేస్తుంది. రెండు ప్రతులుంటే కీళ్ళ నొప్పులు, రక్తహీనత, ప్లీహం పాడవడం. ఒక్క ప్రతే ఉంటే మనిషి మామూలుగానే ఉంటాడు, పైగా ప్రాణాంతకమైన ఫాల్సిపారమ్ మలేరియా అతన్ని అంతగా దెబ్బతీయదు.

హాల్డేన్ పద్ధతిలో లెక్క వేద్దాం. ఒక ఊళ్ళో ఈ జన్యువు స్థానాల్లో పదింట ఒకటి సికిల్ రకం అనుకోండి. అప్పుడు 100 మందిలో 81 మంది మామూలువాళ్ళు, 18 మంది ఒక్క ప్రతి మోసేవాళ్ళు, ఒకరు జబ్బుమనిషి. ఆ ఒకరు పిల్లల్ని కనకుండానే పోతారనుకున్నా, తరం తర్వాత తరం ఆ పదో వంతు అలాగే నిలవాలంటే మలేరియా ఎంత కొట్టాలి? మోసేవాళ్ళతో పోలిస్తే మామూలువాళ్ళలో నూటికి 11 మందిని అదనంగా తీసుకుపోవాలి. ఒక జన్యువు ఎంత శాతముందో చూసి, దోమ ఎన్ని ప్రాణాలు తీసి ఉంటుందో చెప్పేయవచ్చన్నమాట, ఏ మరణాల రిజిస్టరూ తెరవకుండానే.

మన దగ్గరి సికిల్ రకం ఆఫ్రికా రకాల నుంచి వేరుగా పుట్టింది. 1986లో ఒడిశా రోగులనూ సౌదీ తూర్పు తీరం వాళ్ళనూ పోలిస్తే ఇద్దరిలోనూ ఒకటే గుర్తులు దొరికాయి. అందుకే అరబ్-ఇండియన్ రకం అన్నారు. ఇందులో పసికందులకుండే హీమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా ఎక్కువగా మిగిలి కొంత కాపాడుతుంది. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. నాగ్‌పూర్ వైపు తీవ్రమైన కేసులు తక్కువేం కాదు. ఆ పసినాటి హీమోగ్లోబిన్‌ను మళ్ళీ తెరిపించడమే ఇప్పటి జన్యు కత్తెర చికిత్స సూత్రం. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన ఆ వైద్యానికి అమెరికాలో అప్పుడు పెట్టిన ధర 22 లక్షల డాలర్లు. సిరోంచ ఆస్పత్రికి చేరేది హైడ్రాక్సీయూరియా గొట్టం మాత్రే.

మలేరియా నుంచి కాపాడే ఇంకోటి జీ6పీడీ అనే ఎంజైము లోపం. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, అందుకే ఈ లోపం మగవాళ్ళలో ఎక్కువగా బయటపడుతుంది. దీనితో ఒక పేచీ ఉంది. వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా 14 రోజులు ఇచ్చే ప్రిమాక్విన్ మాత్ర వీళ్ళ ఎర్రకణాలను పగలగొడుతుంది. ఏ జ్వరం వల్ల ఈ లోపం అడవిలో నిలిచిందో ఆ జ్వరానికి మందే వీళ్ళకు గండం. మూత్రం నల్లగా వస్తే మాత్ర ఆపి పరుగెత్తాలి. మందు చేతిలో పెట్టే ఆశా కార్యకర్త ఆ ఒక్క ముక్కా చెబితే చాలు.

2023 జూలై 1న షహడోల్‌లో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 7 కోట్ల మందికి పరీక్షలు, చేతికో కార్డు, 2047 నాటికి ప్రజారోగ్య సమస్యగా అది ఉండకూడదన్నది లక్ష్యం. ఇక్కడ జనం పొరబడేది ఒకటుంది. పోయేది జబ్బు, జన్యువు కాదు. మలేరియా పూర్తిగా పోయి, జబ్బుమనుషులెవరూ పిల్లల్ని కనకపోయినా, పైన చెప్పిన పదో వంతు సగానికి తగ్గడానికి 10 తరాలు, అంటే 250 ఏళ్ళు పడుతుంది. అక్కణ్ణించి ఇంకో సగానికి 20 తరాలు. ఇక కార్డులు చూసుకుని, మోసేవాళ్ళు మోసేవాళ్ళను చేసుకోకుండా సంబంధాలు కుదుర్చుకున్నారనుకోండి. అప్పుడు జబ్బుతో బిడ్డలే పుట్టరు, కాబట్టి ఆ జన్యువు బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. దోమ లేకపోతే పెరగదు, జబ్బు లేకపోతే తరగదు. 2047లోనూ, ఆ తర్వాత 2147లోనూ ఆ ఊళ్ళో నూటికి 18, 20 మంది దాన్ని మోస్తూనే ఉంటారు.